వెన్నుపాము నాడీమార్గాలు: చేత్తో గీసి నేర్చుకుని, మంచం పక్కన వాడుకునే పద్ధతి

వెన్నుపాములో పైకి వెళ్లే స్పర్శ మార్గాలనూ కిందికి దిగే చలన మార్గాలనూ పుస్తకంలో చదివి బట్టీపట్టిన విద్యార్థి పరీక్ష గట్టెక్కవచ్చు గాని, కాళ్లు పడిపోయిన మనిషి ఎదురుగా మంచం మీద ఉన్నప్పుడు జబ్బు వెన్నుపాములో ఏ ఎత్తున, ఏ పక్కన ఉందో చెప్పలేడు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని, ఇప్పుడు ఎంబీబీఎస్‌లోనో, నర్సింగ్‌లోనో, ఫిజియోథెరపీలోనో చేరి ఒక్కసారిగా లాటిన్ పేర్ల మధ్య పడ్డ విద్యార్థుల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. వాళ్లకు నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రతి మార్గమూ శరీరపు మధ్యగీతను ఎక్కడ దాటుతుందో పట్టుకుంటే, మిగతా వివరాల్లో చాలా భాగం దాని వెంటే వస్తుంది. దాటే చోటు తెలియకుండా నేర్చుకున్న పేర్లు ఎన్ని ఉన్నా వార్డులో అక్కరకు రావు.

ముందుగా పునాది బొమ్మ

ఒక పెద్ద తెల్లకాగితం, నల్ల పెన్సిలు, మూడు రంగుల పెన్సిళ్లు చాలు. అచ్చు బొమ్మను ఫోన్‌లో ఎంతసేపు చూసినా నిలవనిది, నాలుగైదు సార్లు చేత్తో గీస్తే నిలుస్తుంది; అందుకే ఈ పనిని దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. కాగితాన్ని నిలువుగా పెట్టి, నడిమధ్యన పైనుంచి కిందిదాకా ముదురు నల్ల గీత గీయండి. అదే శరీరపు మధ్యగీత. ఆ గీత మీద అడుగున నడుము భాగపు వెన్నుపాము అడ్డుకోత, దాని పైన మెడ భాగపు అడ్డుకోత, ఆ పైన మెడుల్లా అని పిలిచే మజ్జాముఖం, ఇంకా పైన థాలమస్ (స్పర్శ సమాచారాన్ని వల్కలానికి అందించే మెదడు లోపలి కేంద్రం), అన్నిటికంటే పైన మెదడు వల్కలం వచ్చేలా ఐదు బొమ్మలు గీయండి. ఎడమ, కుడి అని రెండు పక్కలా స్పష్టంగా రాసుకోండి.

వెన్నుపాము అడ్డుకోతలో మధ్యన హెచ్ అక్షరం ఆకారంలో బూడిదరంగు పదార్థం, దాని చుట్టూ తెల్ల పదార్థం ఉంటాయి. బూడిదరంగు భాగంలో నాడీకణాల దేహాలు ఉంటాయి; వెనుక కొమ్ము వచ్చే సమాచారాన్ని అందుకుంటుంది, ముందు కొమ్ము కండరాలకు ఆజ్ఞలు పంపుతుంది. తెల్ల పదార్థం అంటే పైకీ కిందికీ పోయే తంతువుల కట్టలు. దానిని వెనుక, పక్క, ముందు కాలమ్‌లుగా విభజించి గుర్తు పెట్టండి. వెనుక వేరు ద్వారా సమాచారం లోపలికి వస్తుంది, ముందు వేరు ద్వారా ఆజ్ఞ బయటికి పోతుంది. 1811లో చార్లెస్ బెల్ మొదలుపెట్టిన ఈ ఆలోచనను 1822లో ఫ్రాన్సు శాస్త్రవేత్త మాజెండీ ప్రయోగంతో పూర్తిగా నిలబెట్టాడు. అప్పటి నుంచి ఇందులో మార్పు లేదు కాబట్టి దీనిని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. వెనుక వేరు మీద చిన్న ఉబ్బు ఒకటి గీయండి. అది డార్సల్ రూట్ గాంగ్లియాన్. స్పర్శ మార్గాలన్నిటికీ మొదటి నాడీకణపు దేహం ఉండేది అక్కడే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అనాటమీ బొమ్మల్లో వెన్నుపాము వెనుక వైపును సాధారణంగా పైన చూపుతారు. ఎంఆర్ఐ అడ్డుకోత చిత్రంలో మాత్రం రోగి ముందు వైపు పైన ఉంటుంది, రోగి కుడి పక్క మనకు ఎడమ చేతి వైపు కనిపిస్తుంది. ఈ తేడాను మొదటి రోజే బొమ్మ అంచున రాసుకోకపోతే, తర్వాత స్కాన్ చూసేటప్పుడు ముందు కొమ్మును వెనుక కొమ్ముగా చదివే ప్రమాదం ఉంది.

వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయల్దేరతాయి: మెడలో 8, ఛాతీ భాగంలో 12, నడుములో 5, త్రికంలో 5, తోకఎముక దగ్గర 1. పెద్దవారిలో వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు మాత్రమే. అది నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. ఆ కింద వెన్నెముక కాలువలో ఉండేది వెన్నుపాము కాదు, కిందికి వేలాడే నాడీవేర్ల గుత్తి. ఈ ఒక్క విషయం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

పైకి వెళ్లే రెండు దారులు

మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో కాగిన కడప బండ మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టామనుకోండి. బండ నున్నగా ఉందా గరుకుగా ఉందా, కాలి వేళ్లు ఎటు వంగి ఉన్నాయి అన్న సంగతి ఒక దారిలో మెదడుకు పోతుంది. కాలుతోందన్న సంగతి మరో దారిలో పోతుంది. మొదటి దారిలోని లావుపాటి తంతువుల్లో సంకేతం సెకనుకు 30 నుంచి 70 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. రెండో దారిలో సన్నని తంతువులు రెండు రకాలు: కొంచెం వేగమైనవి చురుక్కుమనే మొదటి నొప్పిని తెస్తాయి, సెకనుకు 2 మీటర్లైనా దాటనివి ఆ తర్వాత వచ్చే మంటను తెస్తాయి. కాలు బండ మీది నుంచి తీసేది మాత్రం ఈ రెండూ మెదడుకు చేరి బాధ తెలియకముందే, వెన్నుపాములోనే జరిగే ప్రతిచర్య (రిఫ్లెక్స్) వల్ల. ఒకే పాదం, ఒకే బండ, అయినా దారులు రెండు. ఈ రెండు దారులు మధ్యగీతను వేర్వేరు ఎత్తుల్లో దాటడమే ఈ పాఠమంతటికీ కీలకం.

మొదటిది డార్సల్ కాలమ్ మార్గం. నీలి పెన్సిలుతో ఎడమ పాదం బొటనవేలి నుంచి మొదలుపెట్టండి. తంతువు డార్సల్ రూట్ గాంగ్లియాన్ మీదుగా వెన్నుపాములోకి వచ్చి, వెనుక కొమ్ములో మారకుండా, పక్క మార్చకుండా, అదే ఎడమ పక్క వెనుక కాలమ్‌లో మెడుల్లా దాకా నేరుగా ఎక్కుతుంది. పాదం నుంచి మెడుల్లా దాకా ఉన్నది ఒకే ఒక్క నాడీకణం. మీటరుకు మించిన పొడవు. దాన్ని గీసేటప్పుడు పెన్సిలు ఎత్తకండి. మెడుల్లాలో ఆ తంతువు రెండో కణంతో కలుస్తుంది. ఆ రెండో కణపు తంతువు అక్కడే మధ్యగీతను దాటి, మీడియల్ లెమ్నిస్కస్ అనే కట్టగా కుడి థాలమస్‌కు చేరుతుంది. మూడో కణం థాలమస్ నుంచి వల్కలంలో మధ్య గాడి వెనుకనున్న మడతకు పోతుంది. ఈ దారిలో పోయేవి సున్నితమైన స్పర్శ, కంపనం, కీళ్ల స్థితి జ్ఞానం.

కాళ్ల నుంచి వచ్చే తంతువులు ముందుగా చేరతాయి కాబట్టి మధ్యగీతకు దగ్గరగా గ్రాసైల్ కట్టలో సర్దుకుంటాయి. ఒక్కో జత నాడులు బయల్దేరే వెన్నుపాము ముక్కను ఖండం అంటారు. ఛాతీ ఆరో ఖండం నుంచి పైన, అంటే చేతుల నుంచి వచ్చేవి, వాటికి బయటి పక్కన క్యూనియేట్ కట్టలో చేరతాయి. అందుకే నడుము భాగపు అడ్డుకోతలో ఒక్క కట్టే గీయాలి, మెడ భాగంలో రెండూ గీయాలి.

రెండోది స్పైనోథాలమిక్ మార్గం. ఎర్ర పెన్సిలు తీసుకోండి. నొప్పి, వేడి, చల్లదనం ఈ దారిలో పోతాయి. ఎడమ పాదం నుంచి వచ్చిన తంతువు వెన్నుపాములోకి అడుగుపెట్టాక ఒకటి రెండు ఖండాలు పైకో కిందికో జరిగి, వెనుక కొమ్ములో రెండో కణంతో కలుస్తుంది. రెండో కణపు తంతువు మధ్యనాళానికి (వెన్నుపాము నడిమధ్యన నిలువునా ఉండే సన్నని కాలువకు) ముందున్న సన్నని తెల్ల పట్టీ గుండా వెంటనే కుడి పక్కకు దాటి, పక్క, ముందు కాలమ్‌లు కలిసే చోట పైకి ఎక్కి, కుడి థాలమస్‌కు చేరుతుంది. చివరి మజిలీలు రెండు దారులకూ ఒక్కటే. ఒకటి మెడుల్లాలో దాటింది, మరొకటి వెన్నుపాములోకి వచ్చిన చోటే దాటింది. బొమ్మలో ఈ రెండు దాటే చోట్లకూ పెద్ద సున్నా చుట్టండి.

ఈ మార్గంలో తంతువులు లోపలి వైపు నుంచి వచ్చి చేరతాయి. దానితో పాదాల, త్రిక భాగపు తంతువులు వెలుపలి అంచుకు నెట్టబడతాయి, మెడ, చేతుల తంతువులు లోపల ఉంటాయి. వెన్నుపాము లోపల పుట్టి వెలుపలికి పెరిగే గడ్డ ఉంటే, మలద్వారం చుట్టూ సూదిపోటు చివరి దాకా తెలుస్తూనే ఉండవచ్చు. బయటి నుంచి నొక్కే జబ్బు ఉంటే స్పర్శ పాదాల దగ్గరే మొదట పోయి, మొద్దుబారడం రోజురోజుకూ పైకి పాకుతుంది. పుస్తకాలు చాలావరకు దీన్ని ఒక్క వాక్యంలో ముగిస్తాయి గాని, రోగి చెప్పే కథలో సగం అర్థమయ్యేది ఈ అమరిక వల్లనే.

మామూలు స్పర్శ రెండు దారుల్లోనూ కొంత కొంత పోతుంది. కాబట్టి దూదితో తాకి ‘తెలుస్తోందా?’ అని అడిగితే ఏ దారి తెగిందో తేలదు. కంపనాన్నీ సూదిపోటునూ విడివిడిగా పరీక్షించి తీరాలి.

అనుమస్తిష్కానికి పోయే స్పైనోసెరిబెల్లార్ మార్గాలు కూడా ఉన్నాయి. అవి మన ఎరుకలోకి రాని కండరాల, కీళ్ల సమాచారాన్ని మోస్తాయి, ముఖ్యంగా అదే పక్క అనుమస్తిష్కానికే చేరతాయి. పక్క కాలమ్ వెలుపలి అంచున సన్నని గీత గీసి వదిలేస్తే ఇప్పటికి సరిపోతుంది.

కిందికి దిగే దారి

ఆకుపచ్చ పెన్సిలుతో ఇప్పుడు పైనుంచి మొదలుపెట్టాలి. కార్టికోస్పైనల్ మార్గంలో కణాలు రెండే. మొదటి కణం వల్కలంలో మధ్య గాడికి ముందున్న మడతలో, దాని ముందరి ప్రాంతాల్లో పుడుతుంది. దాని తంతువు మెదడు లోపలి ఇంటర్నల్ క్యాప్సూల్ గుండా, మధ్యమెదడు, దాని కిందనున్న పాన్స్ మీదుగా మెడుల్లా ముందు భాగంలోని పిరమిడ్‌లోకి దిగుతుంది. మెడుల్లా అడుగున, సరిగ్గా వెన్నుపాము మొదలయ్యే చోట, నూటికి 85 నుంచి 90 తంతువులు అవతలి పక్కకు దాటి, పక్క కాలమ్‌లో కిందికి దిగుతాయి. దాటని కొద్ది తంతువులు ముందు కాలమ్‌లో దిగి, ఎక్కువగా మెడ, మొండెం కండరాలకు ఉపయోగపడతాయి. ముందు కొమ్ములో రెండో కణం ఉంటుంది. దాని తంతువు ముందు వేరు గుండా బయటికి వచ్చి నేరుగా కండరానికి చేరుతుంది. నిలకడకూ కండరాల బిగువుకూ వెస్టిబ్యులోస్పైనల్, రెటిక్యులోస్పైనల్ అనే దారులు తోడ్పడతాయి. వాటి పేర్లు గుర్తుంటే చాలు. మంచం పక్కన విడిగా పరీక్షించేది పిరమిడ్ల దారినే.

మొదటి కణం దెబ్బతింటే కండరం బిగుసుకుంటుంది, మోకాలి ప్రతిచర్య ఎగిరిపడుతుంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. 1896లో బాబిన్‌స్కీ వర్ణించిన గుర్తు ఇదే. రెండో కణం దెబ్బతింటే కండరం వదులవుతుంది, సన్నబడుతుంది, చర్మం కింద అదురుతుంది, ప్రతిచర్య పోతుంది. రెండో కణం ఒక్కటే పోతే ఎలా ఉంటుందో చూపించే జబ్బు పోలియో. ఆ వైరస్ ముందు కొమ్ము కణాలను చంపుతుంది, స్పర్శ మార్గాల జోలికి పోదు. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. అయినా సన్నబడిన కాలితో నడిచే పెద్దవాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ కాలికి ముల్లు గుచ్చుకుంటే వాళ్లకు అందరిలాగే నొప్పి తెలుస్తుంది. ఎందుకో మీ బొమ్మే చెబుతుంది.

ఒక హెచ్చరిక: వెన్నుపాము హఠాత్తుగా తెగినప్పుడు, చెట్టు మీది నుంచో మిద్దె మీది నుంచో పడినప్పుడు, మొదటి రోజుల్లో కాళ్లు బిగుసుకోవు. పూర్తిగా వాలిపోయి, ప్రతిచర్యలు లేకుండా ఉంటాయి. దీనిని స్పైనల్ షాక్ అంటారు. బిగువు, ఎగిరిపడే ప్రతిచర్యలు రోజులు, వారాలు గడిచాక బయటపడతాయి. అంతవరకూ వదులుగా ఉన్నాయి కాబట్టి రెండో కణమే పోయిందని తీర్మానించకూడదు.

బొమ్మను కోసి చూడండి

మూడు రంగులూ పూర్తయ్యాక, బొమ్మలో ఛాతీ పదో ఖండం దగ్గర ఎడమ సగాన్ని మాత్రమే కోసినట్లు అడ్డగీత గీయండి. నీలి గీత ఇంకా దాటలేదు కాబట్టి ఎడమ కాలిలో కంపనం, కీళ్ల జ్ఞానం పోతాయి. ఆకుపచ్చ గీత పైన మెడుల్లాలోనే దాటి వచ్చింది కాబట్టి బలం పోయేదీ ఎడమ కాలిలోనే. ఎర్ర గీతల్లో కుడి కాలి నుంచి దాటి ఎడమ పక్కకు వచ్చినవి తెగాయి కాబట్టి కుడి కాలిలో నొప్పి, వేడి తెలియవు. ఆ లోపం కూడా సరిగ్గా పదో ఖండం దగ్గర కాక ఒకటి రెండు ఖండాలు కిందినుంచి మొదలవుతుంది, ఎందుకంటే తంతువులు దాటేటప్పుడు ఏటవాలుగా ఎక్కుతాయి. పంతొమ్మిదో శతాబ్దపు నడుమ బ్రౌన్-సెకార్డ్ వివరించిన పరిస్థితి ఇది. దీనిని ఎవరూ కంఠస్థం చేయనక్కరలేదు. బలం లేని కాలు ఒకటి, కాలినా తెలియని కాలు మరొకటి ఎందుకయ్యాయో గీతల వెంట వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మెడ భాగపు అడ్డుకోతలో మధ్యనాళాన్ని ఉబ్బించండి. అది మొదట చెరిపేది మధ్యనాళానికి ముందున్న పట్టీని. రెండు చేతుల నుంచి దాటబోతున్న ఎర్ర గీతలు అక్కడ తెగుతాయి. నీలి గీతలు వెనుక క్షేమంగా ఉంటాయి. రెండు భుజాల మీదుగా చేతుల దాకా నొప్పి, వేడి తెలియవు, తాకితే మాత్రం తెలుస్తుంది. సిరింగోమయీలియా అనే ఈ జబ్బున్నవారి వేళ్ల మీద పొయ్యి దగ్గర, బీడీ చివర కాలిన మచ్చలు వాళ్లకే తెలియకుండా చేరతాయి. అయితే మన దేశంలో నొప్పిలేని కాలిన మచ్చలు చూడగానే కుష్ఠువును కూడా తప్పక తలచుకోవాలి. అందులో మచ్చల మీద తాకినా తెలియదు, మోచేయి లోపలి పక్కన నాడి తాడులా లావెక్కి వేలికి తగులుతుంది.

వెన్నుపాము ముందరి మూడింట రెండు వంతులకు రక్తం ఒకే ధమని నుంచి వస్తుంది, వెనుక భాగానికి వేరే రెండు ధమనులున్నాయి. ముందరి ధమని మూసుకుపోతే ఎర్ర, ఆకుపచ్చ గీతలు పోయి నీలిది మిగులుతుంది. బి12 విటమిన్ బాగా తగ్గితే నీలి, ఆకుపచ్చ గీతలు రెండూ చెడి ఎర్రది చాలావరకు మిగులుతుంది. ఈ రెండింటినీ మీరే గీసి చూడండి.

మంచం పక్కన

పరీక్ష సుత్తి తీసేముందే రోగి మాటల్లోంచి దారి తెలుస్తుంది. ‘నడుస్తా ఉంటే చెప్పు ఎప్పుడు ఊడిపోతుందో తెలీడం ల్యా సార్’ అని చెప్పే మనిషికి పాదం నుంచి కబురు పైకి పోవడం లేదు. నీలి గీతను అనుమానించాలి. ‘ఊడిపోతా ఉండేది తెలుస్తాంది, వేళ్లతో పట్టుకోలేక పోతాండా’ అంటే బలం తగ్గింది. ఆకుపచ్చ గీతనో, కింది నాడులనో అనుమానించాలి. తెల్లవారుజామున కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు ముందుకు తూలిపోతున్నానని చెప్పడం, కాళ్ల కింద దూది పరిచినట్టుందని చెప్పడం కూడా డార్సల్ కాలమ్ వైపే చూపుతాయి. కళ్లు తెరిచి ఉన్నంతసేపు చూపు ఆ లోటును పూడుస్తుంది, మూయగానే లోటు బయటపడుతుంది.

కంపనానికి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ వాడాలి. దాన్ని మోగించి, కాడను బొటనవేలి కీలు ఎముక మీద ఆనించి, ఎప్పుడు ఆగిందో చెప్పమనాలి; మధ్యలో ఒకసారి రోగికి తెలియకుండా మీరే ఆపి చూడాలి. బొటనవేలి దగ్గర తెలియకపోతే చీలమండ, మోకాలు, తుంటి ఎముక, అలా పైకి పోవాలి. కీళ్ల స్థితికి బొటనవేలిని రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకోవాలి. పైనా కిందా పట్టుకుంటే, నొక్కిడిని బట్టే రోగి జవాబు చెబుతాడు, మీరు పరీక్షించింది కీళ్ల జ్ఞానం కాకుండా పోతుంది. ముందు కళ్లు తెరిచి ఉండగా ‘ఇది పైకి, ఇది కిందికి’ అని చూపించి, తర్వాత కళ్లు మూయించి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే కదిపి అడగండి.

సూదిపోటుకు ప్రతి మనిషికీ కొత్త గుండుసూది వాడాలి. ఇంజెక్షన్ సూది చర్మాన్ని కోస్తుంది కాబట్టి పనికిరాదు. ‘తెలుస్తోందా?’ అని అడగకండి. మన ఊళ్లలో పెద్దవాళ్లు డాక్టరు మాట కాదనలేక ‘తెలుస్తాంది సార్’ అనేస్తారు. ‘గుచ్చుకున్నట్టుందా, ఒట్టిగా తాకినట్టుందా?’ అని అడిగితే సరైన జవాబు వస్తుంది. పాదం నుంచి మొదలుపెట్టి తొడ, కడుపు, ఛాతీ మీదుగా పైకి జరుపుతూ, గుచ్చుకున్నట్టు మొదట తెలిసిన చోట పెన్నుతో గీత పెట్టండి. మొద్దుబారిన చోటి నుంచి బాగున్న చోటికి వస్తేనే ఆ హద్దు స్పష్టంగా దొరుకుతుంది. ముందూ వెనుకా రెండు వైపులా చేయాలి. సిగ్గుపడి వదిలేసే మలద్వారపు చుట్టుపక్కలను, ఆడవారైతే మహిళా సిబ్బంది తోడుతో, తప్పక పరీక్షించాలి. మూత్రం బిగుసుకుపోవడం, ఆ చుట్టూ మొద్దుబారడం కలిసి కొత్తగా వస్తే అది గంటల్లో తేల్చవలసిన అత్యవసర పరిస్థితి. ‘రేపు ఓపీలో చూద్దాం’ అనకూడదు.

ఖండాలను పొట్టిగా రాసేటప్పుడు సి అంటే మెడ, టి అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే త్రికం. ప్రతిచర్యల్లో చేయి ముందరి కండరానికి సి5, సి6, వెనుక కండరానికి సి7, మోకాలికి ఎల్2 నుంచి ఎల్4, మడమకు ఎస్1 ఖండాలు గుర్తుంచుకోండి. అరికాలిని మొద్దు కొనతో మడమ నుంచి వెలుపలి అంచు వెంట గీసి, చిటికెన వేలి దిగువ నుంచి లోపలికి తిప్పాలి. ఏళ్ల తరబడి చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన పాదాలకు చర్మం మందమై, పగిలి, గీసినా స్పందన రాకపోవచ్చు. అప్పుడు బయటి చీలమండ కింద మెత్తటి చర్మం మీద వెనుక నుంచి ముందుకు గీసి చూడాలి. బొటనవేలు అక్కడా పైకి లేస్తుంది.

మట్టం కనుక్కోవడం

స్పర్శ హద్దును ఖండంగా మార్చడానికి కొన్ని గుర్తులు చాలు: బొటనవేలు సి6, నడిమివేలు సి7, చిటికెనవేలు సి8, చనుమొనల ఎత్తు టి4, బొడ్డు టి10, గజ్జ ఎల్1, లోపలి చీలమండ ఎల్4, పాదం పైభాగం ఎల్5, చిటికెన కాలివేలు ఎస్1.

ఈ హద్దు చెప్పేది జబ్బు అక్కడ గాని, అంతకు పైన గాని ఉందన్న సంగతిని మాత్రమే. కేసీ కెనాల్ దిగువన ఏ ఊరి నుంచి పొలాలు ఎండడం మొదలైందో చూసి గండి ఆ ఊరి దగ్గరో, ఎగువనో పడిందని అనుకుంటాం గాని దిగువన వెతకం. వెన్నుపాములోనూ అంతే. పైగా బయటి నుంచి నొక్కే జబ్బులో పాదాల తంతువులే ముందు నలుగుతాయి కాబట్టి, మెడలో ఉన్న జబ్బు మొదట్లో నడుము దగ్గరి హద్దుగా కనిపించవచ్చు.

ఇక ఖండం వేరు, పూస వేరు. వెన్నుపాము వెన్నెముక కంటే పొట్టిది కాబట్టి, ఖండాలు తమ అంకె గల పూసల కంటే పైన ఉంటాయి. మెడ పూసకు 1 కలపాలి, ఛాతీ 1 నుంచి 6 పూసలకు 2 కలపాలి, 7 నుంచి 9 పూసలకు 3 కలపాలి. ఛాతీ పదో పూస దగ్గర ఎల్1, ఎల్2 ఖండాలు, పదకొండో దగ్గర ఎల్3, ఎల్4, పన్నెండో దగ్గర ఎల్5, నడుము మొదటి పూస దగ్గర త్రిక ఖండాలన్నీ ఉంటాయి. ఎత్తు నుంచి పడినవారిలో ఎక్కువగా విరిగేది ఛాతీ, నడుము పూసలు కలిసే చోటే. అక్కడ వెన్నుపాము చివరి ఖండాలూ, దిగిపోయే వేర్లూ పక్కపక్కనే ఉన్నందువల్ల మొదటి కణం గుర్తులూ రెండో కణం గుర్తులూ కలిసి కనిపిస్తాయి.

కాళ్లు పడిపోయాయని చెప్పగానే నడుముకు ఎంఆర్ఐ రాయడం నాకు ఎక్కువ బాధ కలిగించే పొరపాటు. మోకాలి ప్రతిచర్య ఎగిరిపడుతూ, అరికాలి బొటనవేలు పైకి లేస్తున్న మనిషిలో జబ్బు నడుము రెండో పూస కింద ఉండనే ఉండదు, ఎందుకంటే అక్కడ వెన్నుపామే లేదు. ఉన్నకాడికి అప్పు చేసి తీయించుకున్న నడుము స్కాన్ బాగుందని రావడం, ఛాతీలోనో మెడలోనో ఉన్న జబ్బు మరికొన్ని వారాలు పెరగడం మన దగ్గర అరుదు కాదు. అనంతపురం జిల్లాలో లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ల వారిలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారి వెన్నులో కీలుబంధాలు ఎముకలా గట్టిపడి, కాలువ ఇరుకై, మెడలోనో ఛాతీలోనో వెన్నుపామును నొక్కవచ్చు. వాళ్లు చెప్పేది నడుము పట్టేసిందనీ, కాళ్లు బిగుసుకున్నాయనీ మాత్రమే.

మొత్తం పద్ధతిని ఒక రోగి మీద నడిపిద్దాం

ఆలూరు వైపు పల్లె నుంచి ముప్పై అయిదేళ్ల ఆమె వచ్చిందని ఊహించుకోండి. మూడు నెలలుగా వీపు మధ్యన నొప్పి, సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం. నెల రోజులుగా కాళ్లు బిగుసుకుని అడుగు తడబడుతోంది. వారం నుంచి చెప్పు ఊడినా తెలియడం లేదు. చేతులు బాగున్నాయి. కాళ్లలో బలం 5కు 3, మోకాలి ప్రతిచర్యలు ఎగిరిపడుతున్నాయి, రెండు బొటనవేళ్లూ పైకి లేస్తున్నాయి. ఆకుపచ్చ గీత రెండు పక్కలా, ముందు కొమ్ముకు పైన దెబ్బతింది. చేతులు బాగున్నందువల్ల జబ్బు మెడకు కింద ఉండే అవకాశమే ఎక్కువ. కంపనం రెండు పాదాల్లో లేదు, సూదిపోటు రెండు పక్కలా బొడ్డు దాకా తెలియడం లేదు. మూడు రంగులూ రెండు పక్కలా చెడ్డాయంటే ఒక సగం కాదు, మొత్తం వెన్నుపామునే ఏదో నొక్కుతోంది. బలం, బిగువు ముందు, స్పర్శ తర్వాత చెడిన వరుస కూడా ముందు వైపున పూస నుంచి నొక్కే జబ్బుకు సరిపోతుంది.

హద్దు టి10. మూడు తీసేస్తే ఛాతీ ఏడో పూస. ఆమెను కూర్చోబెట్టి, చేతులు కిందికి వాల్చమని, భుజపుటెముక కింది కొనను వేలితో పట్టుకోండి. ఆ ఎత్తున ఉండే వెన్ను ముడి సాధారణంగా ఏడో పూసదే. అక్కడి నుంచి వేలిని వెన్ను మీదుగా మెల్లగా పైకీ కిందికీ జరపండి. ఒక ముడి మిగతావాటి కంటే పొడుచుకు వచ్చి, నొక్కితే నొప్పిగా ఉంటే, 1779లో పర్సివల్ పాట్ వర్ణించిన వెన్ను జబ్బునే, అంటే పూసల క్షయనే, మొదట అనుమానించాలి. మన దేశంలో కాళ్లు పడిపోవడానికి ఇప్పటికీ ముఖ్య కారణాల్లో ఇది ఒకటి, సకాలంలో పట్టుకుంటే మందులతోనూ, అవసరమైతే శస్త్రచికిత్సతోనూ తిరిగి నడిపించగల జబ్బు.

పెద్దాసుపత్రికి రాసే చీటీలో ‘కాళ్ల పక్షవాతం’ అని మాత్రమే రాసి పంపవద్దు. బలం ఎంత, ప్రతిచర్యలు ఎలా ఉన్నాయి, సూదిపోటు ఎక్కడిదాకా తెలియడం లేదు, మూత్రం సాఫీగా వస్తోందా అన్నవి తేదీ, సమయంతో రాయండి. స్పర్శ హద్దు టి10, వేలికి తగిలిన ముడి ఛాతీ ఏడో పూస దగ్గర, కాబట్టి ఛాతీ పూసల ఎంఆర్ఐ కావాలి, దానితోపాటే వెన్నెముక మొత్తం ఒకసారి చూడాలి అని స్పష్టంగా కోరండి. కళ్లె పరీక్షకూ పంపమని రాయండి. పెన్నుతో ఆమె కడుపు మీద పెట్టిన గీతను తుడవకుండా పంపితే, అక్కడ చూసే వైద్యుడు హద్దు పైకి జరిగిందో లేదో వెంటనే పోల్చుకోగలుగుతాడు.